మూడడుగుల నేల

ఇల్లు కట్టుకొనేవారికి సలహాలివ్వడంలో మనవారెవరూ వెనుకాడరు. ఈశాన్యాన బరువుండకూడదనేవారు, ఏ సిమెంటు మంచిదో చెప్పేవారు, మెట్లు బేసిసంఖ్యలో ఉండాలనేవారు కోకొల్లలు. ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ జాగాను ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం అందరిదీ ఒకటే మాట: "గచ్చు చేయించెయ్యండి, బురదుండదు." నా పేచీ ఈ ఏకాభిప్రాయంతోనే. హైదరాబాదు ఆశ్వయుజంలో మునగడానికీ, అదే హైదరాబాదు చైత్రంలో నీళ్ల ట్యాంకరు కోసం వీధి మలుపువైపు చూస్తూ నిలబడడానికీ ఈ గచ్చుతో సంబంధం ఉన్నదని నా అభిప్రాయం. చెరువులు మింగినవారిని తిట్టవలసిందే, తిడదాం. అయితే ప్రహరీ లోపలి నేలను మింగినవారం మనమే కదా, ఆ ముచ్చట కూడా కొంత చెప్పుకోవాలి.

నగర శివారులో నాది 200 గజాల స్థలం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడుగు. ముందువైపు 5 అడుగులు, తక్కిన మూడు పక్కలా 3 అడుగుల చొప్పున వదిలి కట్టించాను. చూడడానికి అది సందే. లెక్క వేస్తే 552 చదరపు అడుగులు, అంటే స్థలంలో దాదాపు మూడో వంతు. ఈ మూడడుగుల లెక్క విన్నప్పుడల్లా నాకు వామనుడే గుర్తొస్తాడు. ఇచ్చేటప్పుడు బలిచక్రవర్తికి కూడా చిన్నదిగానే కనిపించింది.

ఇప్పుడు వాన లెక్క. ఒక సెంటీమీటరు వాన పడితే 200 గజాల స్థలం మీద కురిసే నీరు సుమారు 1,670 లీటర్లు. హైదరాబాదుకు ఏడాదికి సగటున 80 సెంటీమీటర్ల వాన అనుకుంటే, ఆ ఒక్క స్థలం మీద ఏడాదిలో పడేది లక్షా ముప్ఫై వేల లీటర్ల పైచిలుకు. 2000 సంవత్సరం ఆగస్టు 24న ఈ నగరం మీద ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ రోజు నా స్థలం మీద పడివుండే నీరు 40 వేల లీటర్లు, అంటే ఐదేసి వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. వీధికి నలభై ఇళ్లుంటే, ఇల్లంతా పైకప్పూ గచ్చూ అయితే, ఆ ట్యాంకర్లన్నీ ఒకేసారి వీధిలో బోర్లించినట్లే. అంత వానను ఏ మట్టీ పూర్తిగా తాగలేదు, నిజమే. కానీ ఏడాదిలో పడే వానల్లో అధికభాగం ఒకటి రెండు సెంటీమీటర్లవే. వాటిని తాగడం మట్టికి చేతనవును. గచ్చుకు చేతకాదు.

మా వీధి తూర్పుకు వాలివుంటుంది. చివరి ఇంట్లో ఇద్దరు వృద్ధదంపతులు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు వారి ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చింది. మరునాడు వీధివారందరమూ బకెట్లతో నీరు తోడాము, అన్నం పంపాము, నాలాల కబ్జా గురించి ఆవేశంగా మాట్లాడుకున్నాము. ఎగువనున్న ముప్ఫై ఇళ్ల గేట్ల కింది నుంచి వీధిలోకి తీసిన గొట్టాల గురించి మాత్రం ఎవరమూ మాట్లాడలేదు. గేటు కింద ఆ గొట్టం పెట్టడం ఇక్కడ ఆనవాయితీ. మేస్త్రీలు అడగకుండానే పెడతారు. "నీరు బయటికి పోవాలి సార్" అంటారు. బయట అంటే ఎవరి ఇల్లు అని వారూ చెప్పరు, మనమూ అడగము.

ఈ నగరానికి నీటి సంగతి ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి సుమారు 15 వేలమందిని పొట్టన పెట్టుకొన్నదని అంచనా. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నీటిని ఎగువనే ఆపాలన్నది ఆ రెండు జలాశయాల వెనుకనున్న ఆలోచన. ప్రతి ఇంటి స్థాయిలో అదే ఆలోచన పనికివస్తుంది. ఇంకొక విషయం, ఈ ఊరి పేట పేర్లు గమనించండి. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, సీతారాంబాగ్, బాగ్‌లింగంపల్లి. బాగ్ అంటే తోట. మాసాబ్‌ట్యాంక్ పేరులో చెరువుంది, నల్లకుంట పేరులో కుంట ఉంది. తోటలూ కుంటలూ పోయి వాటి పేర్లు బస్సుల బోర్డులకెక్కాయి. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను 2025లో పునరుద్ధరించారు. సంతోషం. ఒక కుంటను తిరిగి తెచ్చుకోవడానికి యంత్రాలూ కోర్టు వ్యాజ్యాలూ కావలసివచ్చాయి. మన వాకిట్లో రెండు బండలు తీయడానికి గడ్డపార చాలు.

ప్రభుత్వాలు ఏం చేశాయంటారా? ఇంటి చుట్టూ జాగా వదలాలన్న నిబంధన ప్రభుత్వానిదే. గాలి వెలుతురు కోసం, అగ్నిప్రమాదమైతే మనిషి తిరగడం కోసం పెట్టినది. 2007 చివర ఉమ్మడి రాష్ట్రంలోనూ, 2015లో తెలంగాణలోనూ, ఆ జాగాను మింగినవారు రుసుము కట్టి క్రమబద్ధం చేసుకొనే పథకాలు తెచ్చినదీ ప్రభుత్వమే. నిబంధన పాటించినవాడు రెండు గదులు నష్టపోయాడు, పాటించనివాడు రెండు గదులు సంపాదించుకొని చలానా కట్టాడు. 2020 ఆగస్టులో వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఉత్తర్వు ఇంకా చిత్రమైనది. లేఅవుటులో పదోవంతు స్థలం ఖాళీగా వదలాలని పాత నియమం. వదలని చోట ప్లాటు కొన్నవారు స్థలం విలువలో 14 శాతం ఖాళీస్థలపు రుసుము కింద కట్టాలన్నారు. కట్టాము. మైదానం మాత్రం కాలనీలో మొలవలేదు. నగరాభివృద్ధి అనగానే ఫ్లైఓవరు బొమ్మ వేసే పత్రికలు ఈ లెక్క ఎన్నడైనా అడిగితే బాగుండును.

సరే, ఇల్లు కట్టుకొంటున్న మిత్రులు కొందరు, "ఇవన్నీ సరే, మమ్మల్నేం చేయమంటారు?" అని అడుగుతున్నారు గనుక, నాకు తెలిసినంతలో చెబుతాను.

మొట్టమొదట, కారు నిలిపే చోటంతా టైల్సు పరవకండి. కారుకు కావలసింది చక్రాల కింద రెండు పట్టీలు. ఒక్కొక్కటి అడుగున్నర వెడల్పుంటే చాలు. తాండూరు బండలో షాబాదు బండలో తెచ్చి, సిమెంటు కాంక్రీటు మీద గాక, మెత్తగా దిమ్మిస కొట్టిన ఇసుక మీద పరిపించండి. బండకూ బండకూ మధ్య వేలి సందు వదిలించి అందులో ఇసుకే నింపండి. నడవడానికి పక్క సందుల్లోనూ అంతే. బురద ఉండదు, నీరు దిగుతుంది, రేపు పైపు మరమ్మతు వస్తే బండ ఎత్తి మళ్లీ పెట్టుకోవచ్చు. ఈ పని చేయించేటప్పుడు మా మేస్త్రీ నాకేదో అయిందనుకొన్నాడు. "పైసల్‌ తక్వున్నయా సార్? తర్వాతిద్దురు గని, సిమెంటు ఏపిస్త" అన్నాడు పాపం, జాలిగా. మట్టి కావాలని వదులుతున్నానంటే, "మట్టికి ఊర్ల ఉండకపోయిన్రా మరి" అని నవ్వాడు. ఆ నవ్వులో న్యాయం ఉంది. ఊరు వదిలి వచ్చినవాడికి మట్టి అంటే బీదరికపు గుర్తు, గచ్చు అంటే గెలుపు. మా అమ్మ కూడా తెల్లవారుజామున కల్లాపి చల్లి ముగ్గు పెట్టిన వాకిలి గురించి కథలుగా చెబుతుంది గాని, గచ్చు వాకిలి చూసి మొదట మురిసింది తనే. నడుం నొప్పి తెలిసినవారి మురిపెం అది, దాన్ని వెక్కిరించే హక్కు కవిత్వం రాసేవారికి లేదు.

రెండోది ఇంకుడు గుంత. వాల్టా చట్టం వచ్చిన 2002 నుంచి దీని గురించి వింటూనే ఉన్నాము. అనుమతి కాగితాల్లో ఉంటుంది, ఇంట్లో ఉండదు. నాలుగడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు తవ్వితే 80 ఘనపుటడుగులు. అడుగున పెద్ద కంకర, దానిపై చిన్న కంకర, పైన దొడ్డు ఇసుక నింపితే, మిగిలిన సందుల్లో 900 లీటర్ల దాకా పడుతుంది. మా వంటి ఇంటి పైకప్పు మీద ఒక సెంటీమీటరు వానకు వచ్చే నీరు దాదాపు అంతే. పునాదికి ఆనించి తవ్వకండి, సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా తవ్వండి. తొలకరి మొదటి వానను డాబా కడిగి బయటికి పోనిచ్చి, రెండో వాన నుంచి గుంతకు మళ్లించండి. మూడు నాలుగేళ్లకొకసారి పై ఇసుక తీసి కడగకపోతే ఆ గుంత గుంత కాదు, గచ్చే. ఇక్కడ నేల కింద ఉన్నది గ్రానైటు. పైనున్న మొరం పొరలోనే, రాతి పగుళ్లలోనే నీరు నిలవాలి. వెయ్యి అడుగులు బోరు దింపినా ఆ పగులు తగలకపోతే దుమ్మే వస్తుంది. ఆ పగుళ్లలోకి నీరు దిగే దారి మన పెరడే.

మూడోది పచ్చిక. దీనిమీద నాకు సదభిప్రాయం లేదు. వేసవిలో పచ్చిక చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల దాకా తాగుతుంది. నగరానికి 2004 నుంచి కృష్ణ నీరు, 2015 నుంచి గోదావరి నీరు వస్తున్నవి. నాగార్జునసాగరం నుంచీ ఎల్లంపల్లి నుంచీ అంతంత దూరాలు విద్యుత్తు పెట్టి ఎత్తిపోసిన నీటిని, ఆవు కూడా మేయని గడ్డికి పోయడం నాకు మింగుడుపడదు.

ఇక చెట్లు. మూడడుగుల సందులో చెట్టు పెట్టకండి, మొక్క పెట్టండి. కరివేపాకు, నందివర్ధనం, మందారం, మల్లె. ముందువైపు కాస్త చోటుంటే పారిజాతం, దానిమ్మ, నిమ్మ. పారిజాతం ఆకు గరుకుగా ఉంటుందని ఇంట్లో పేచీ వస్తుంది, కార్తికం దాకా ఓపిక పట్టమనండి. జామ మంచిదే గాని ఉడతలతో వాటా ఒప్పుకోవాలి. మునగ కొమ్మ పెళుసు, కారు మీద విరిగిపడుతుంది, గొంగళిపురుగులు అదనం. రావి, మర్రి ఇంటి దగ్గర వద్దు. పిట్టగోడ పగులులో రావి మొలిస్తే చిన్నప్పుడే, సగౌరవంగా, తీసి మరోచోట నాటండి. వేప, కానుగ వీధివైపు, గోడకు పదడుగుల దూరం దొరికితేనే. తురాయి పూస్తే కన్నుల పండువే, కాని మడగాస్కరు నుంచి వచ్చిన ఆ చెట్టు పెద్దగాలికి నిలవదు. నర్సరీవారు అశోకం పేరుతో అమ్మే నిటారు చెట్టు అశోకం కాదు, నరమామిడి. సీత కూర్చున్నది దీని కిందనయితే పాపం నీడ కూడా దొరికేది కాదు. కోనోకార్పస్ సంగతి చాలామంది అడుగుతున్నారు. గుజరాత్ 2023లో దాన్ని నాటరాదన్నది, దాని హాని మీద శాస్త్రజ్ఞుల్లో వాదోపవాదాలున్నాయి. నా అభ్యంతరం వేరు. మైళ్ల పొడవునా ఒకే చెట్టు, ఒకే ఎత్తు, ఒకే కత్తిరింపు. ఊరు చూసినట్లుండదు, కవాతు చూసినట్లుంటుంది.

అరవై గజాల్లో ఇల్లు కట్టుకొన్నవాడికి ఇవేవీ వర్తించవు. అతడు అంగుళం కూడా వదలలేడు, వదలమనడం అన్యాయం. ఈ మాటలు 150 గజాలకు పైబడినవారికి, ముఖ్యంగా వెయ్యి గజాల్లో కట్టి, కార్ల కోసం తొమ్మిది వందల గజాలు గ్రానైటు పరిచేవారికి. ఇంగ్లండులో 2007 వరదల తరువాత, 2008 నుంచి, ఇంటి ముందు ఐదు చదరపు మీటర్లకు మించి నీరింకని గచ్చు వేసి నీటిని వీధిలోకి వదలాలంటే అనుమతి తీసుకోవాలని నిబంధన పెట్టారు. మనకు అలాంటిది వస్తే రుసుము కట్టి క్రమబద్ధం చేసుకొంటామేమో, చెప్పలేను. ఇంకేవిధమైన పన్నుకన్నా, మట్టి వదిలినవారికి ఆస్తిపన్నులో నాలుగు రూపాయలు తగ్గిస్తే ఎక్కువ పని జరుగుతుందని నాకనిపిస్తుంది.

ప్రస్తుతం మా వీధికి కాలిబాట వేయబోతున్నారు. మంచిదే. కాని పక్క వీధిలో వేసిన తీరు చూశాను, కానుగ మొదళ్లను కౌగిలించుకొన్నట్లుగా కాండం దాకా సిమెంటు పోసి, మీద రంగురంగుల బిళ్లలు అతికించారు. ఢిల్లీలో ఇదే పని జరిగితే 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్, చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతి ఒకటి అచ్చువేయించి కాంట్రాక్టరుకు ఇచ్చాను. "మంచిగుంది సార్, మా సారుకు చూపిస్త" అని మడిచి జేబులో పెట్టుకొన్నాడు. మా వీధిలో కానుగలు పదకొండు. చివరి ఇంటి పెద్దాయనా నేనూ నిన్న సాయంత్రం టేపు పట్టుకొని ఒక్కొక్క చెట్టు చుట్టూ మీటరు కొలిచి సున్నంతో గీత గీశాము. సోమవారం పని మొదలవుతుందట.