కోతకు ముందే తోతాపురి ధర తేల్చాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తోతాపురి పెట్టిన రైతును ఆ చెట్టు మోసం చేయలేదు. కొన్ని మామిడి రకాలు ఒక ఏడు కాసి మరో ఏడు అలుగుతాయి. తోతాపురి దాదాపు ఏటా కాస్తుంది. తోలు మందం కాబట్టి లారీ ప్రయాణాన్ని తట్టుకుంటుంది. పీచు తక్కువ, గుజ్జు ఎక్కువ. అందుకే గుజ్జు ఫ్యాక్టరీలకు ఇదే కావాలి.

మన చిక్కు కూడా అక్కడే ఉంది. బేనీషా అయితే తినేవాళ్లు కొంటారు, మండీలో బేరం ఉంటుంది. తోతాపురి చాలావరకు ఫ్యాక్టరీ గేటుకే పోవాలి. జూన్, జూలైలో అందరి కాయా ఒక్కసారే పక్వానికి వస్తుంది. కోసిన కాయ మన కోసం ఆగదు. ఒకసారి నా ట్రాక్టరు రెండు రాత్రులు గేటు ముందే నిలబడింది. మూడో రోజు వాళ్లు చెప్పిన ధరకే దించి వచ్చాను. లోడుతో వెనక్కి తిరిగితే బాడుగ కూడా మన మీదే పడుతుంది కదా!

2025లో కిలోకు 12 రూపాయలన్నారు. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ ఎనిమిది కోసం కూడా రైతు రోడ్డెక్కాల్సి వచ్చింది. కోత మొదలయ్యాక చెప్పే ధర, కాగితం మీద లేని ధర, మనకు పనికిరాదు.

అదే జూన్‌లో పక్క రాష్ట్రాల తోతాపురిని చిత్తూరు జిల్లాలోకి రానివ్వలేదు. మనలో కొందరు సంతోషించారు. నేను సంతోషించలేదు. శ్రీనివాసపురం రైతుదీ మన కష్టమే. రేపు కుప్పం కాయను కృష్ణగిరి ఫ్యాక్టరీలు వద్దంటే మనం ఎక్కడికి పోవాలి?

సంఘం అడగాల్సినవి మూడు. ఏప్రిల్‌లోనే ధర రాతపూర్వకంగా ప్రకటించాలి. టోకెన్లు వరుస ప్రకారం ఇవ్వాలి, పలుకుబడి చూసి కాదు. కాయ దించిన పదిహేను రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి.

మనం చేయాల్సింది కూడా ఒకటుంది. కొత్త తోటంతా తోతాపురే పెట్టొద్దు. పాత తోటలో కొన్ని చెట్ల కొమ్మలు నరికి, కొత్త చిగుళ్లకు వేరే రకం అంటు కట్టించుకోవచ్చు. రెండు మూడేళ్లు ఆ చెట్ల కాపు పోతుంది, నిజమే. కానీ అమ్ముకోవడానికి రెండో దారి ఉన్న రైతే గేటు దగ్గర గట్టిగా మాట్లాడగలడు.

ఈసారి పూత దశలోనే ఊరూరా సమావేశాలు పెట్టుకుందాం. కాయ కోశాక అడిగితే ఎవరూ వినరు.