డబ్బు కట్టాక షరతులు మారిస్తే ఎలా?

వినుకొండ ప్రాంతంలో పత్తి, మిర్చి విత్తనం కొన్న రైతు బిల్లు పారేయడు. మొలక రాకపోతే ఆ కాగితమే ఆధారం. విత్తనం దెబ్బతీసిందని గుంటూరు, కర్నూలు తదితర జిల్లాల రైతులు వినియోగదారుల ఫోరాలకు ఎక్కితే, విత్తనాలు అమ్మిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతూ వినియోగదారుడేనని 2012లో కోర్టు తేల్చిచెప్పింది. అదే రైతు ఇంట్లో ఫోన్‌లో సినిమాకో, పుస్తకానికో కట్టిన డబ్బుకు మాత్రం ఆ భరోసా పూర్తిగా లేదు.

అమెజాన్ ప్రైమ్ వీడియోలో 2025 జూన్ 17 నుంచి మన దేశంలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దనుకుంటే నెలకు రూ.129, ఏడాదికి రూ.699 అదనంగా కట్టాలన్నారు. ఏడాది చందా ముందే కట్టేసినవారికీ మినహాయింపు లేదు. 2009లో ఇదే సంస్థ, పాఠకులు కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ నవలలను వాళ్ల కిండిల్‌లలోంచి చెప్పాపెట్టకుండా చెరిపేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలూ పోయాయి. ఆ రెండుసార్లూ డబ్బు వాపసు ఇచ్చారు. ప్రకటనల విషయంలో అదీ లేదు.

మన చట్టం బలహీనమైనదేం కాదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం డిజిటల్ ఉత్పత్తులను పేరుపెట్టి చేర్చింది. కంపెనీ ముంబయిలో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. చందా కట్టించుకునేటప్పుడు ఒక్క నొక్కుతో పని కానిచ్చి, రద్దు చేసే దారి దాచిపెట్టడాన్ని 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి.

లొసుగు మరోచోట ఉంది.

డిజిటల్ కొనుగోళ్లలో పేచీ అంతా ‘మేం ఎప్పుడైనా మార్చవచ్చు’ అనే షరతు దగ్గరే. అలాంటి అన్యాయమైన ఒప్పందాలపై ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్ వినడానికి వీల్లేదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. రూ.699 కోసం అంతదూరం పోరాడేదెవరు?

జిల్లా కమిషన్లకు ఆ అధికారం ఇస్తూ పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. గడువు మధ్యలో సేవ తగ్గిస్తే మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఇచ్చేది కేవలం వాడుకునే అనుమతి అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే బటన్ పెట్టకూడదని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చట్టం అమలుచేస్తోంది. ఆ నిబంధన మనకూ కావాలి, ఆ సంగతి తెలుగులో చదువుకునేలా ఉండాలి. ఈలోగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఎవరో కేసు వేసేదాకా చూడకుండా, తనకున్న అధికారంతో తానే విచారణ మొదలుపెట్టాలి.