ఏడుకొండల చెట్లకు ఒక తోట కావాలి

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే భక్తులైనా, శ్రీవారి మెట్టు దారిన సుమారు 2,400 మెట్లు ఎక్కేవారైనా నడిచేది ఒక అరుదైన అడవి గుండా. ఎర్రచందనం, తెల్ల కరక, మొగి, కొండ సాంబ్రాణి, తంబ, ఈతను పోలిన సైకస్ బెడ్డోమీ. ఇవన్నీ తూర్పు కనుమల దక్షిణ భాగాన్ని తమ ఇల్లు చేసుకున్న చెట్లు. వీటిలో కొన్ని ఈ కొండలు దాటితే సహజంగా ఇంకెక్కడా పెరగవు. ఇంత సంపద ఉంది కాబట్టే 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. కానీ కొండెక్కి దిగిన వారిలో ఈ చెట్లను చూసి గుర్తుపట్టగలిగేది ఎందరు? ఎర్రచందనం అనగానే మన కళ్ళముందు నిలిచేది పట్టుబడిన దుంగ, దాని పక్కన పోలీసు. నిలబడి ఉన్న చెట్టు కాదు. ఈ కరపత్రం దేవస్థానాన్నీ, అటవీ శాఖనూ, విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖలనూ, భక్తులనూ అడిగేది ఒక్కటే. కొండ పాదంలో ఒక తోట వేయాలి. అందులో ఒక్కో జాతికి ఒక్కో చెట్టు కాకుండా, ఒకే జాతిని వేర్వేరు కొండల విత్తనాలతో పక్కపక్కనే పెంచాలి. పరిశోధన జరిగే ఆ మడుల దాకా యాత్రికులనూ రానివ్వాలి.

ఎందుకో ఎర్రచందనాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ముదిరిన చెట్టు బెరడు నల్లబారి, నిలువుగా అడ్డంగా పగిలి, మొసలి వీపులా ఉంటుంది. గాటు పడితే ఎర్రటి రసం కారుతుంది. ఒక ఈనెకు మామూలుగా మూడు ఆకులు, కొన్నిటికి అయిదు. కాయ చుట్టూ పల్చటి రెక్క, మధ్యలో ఒకటో రెండో గింజలు. అసలు తేడా మాత్రం లోపల, చేవలో ఉంది. చాలా చెట్ల చేవలో రేఖలు తిన్నగా సాగుతాయి, కొన్నిటిలో అలలు తేలినట్టు వంకర్లు తిరుగుతాయి. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి కోరుకునే కర్ర ఇదే. దొంగ గొడ్డలి వెతికేది ఈ అలల చేవనే, ధర పలికేదీ దీనికే. నిలబడ్డ చెట్టును బయటి నుంచి చూసి లోపల అల ఉందో లేదో తేల్చడం కష్టం. మరి ఆ అల విత్తనంలోంచి వస్తుందా, రాతినేల నుంచీ నీటి ఎద్దడి నుంచీ వస్తుందా? ఇది పుస్తకాల్లో ఉంచుకునే ప్రశ్న కాదు. విత్తనంలో ఉన్న గుణమే అయితే, దశాబ్దాలుగా అలల చెట్లను ఏరి నరికినకొద్దీ అడవిలో ఆ వంశమే సన్నగిల్లుతోందన్నమాట. నేల గుణమైతే నష్టం తీరు వేరు, దిద్దుబాటూ వేరు.

ఈ రెంటినీ విడదీసే పద్ధతి నూరేళ్ళ కిందటే తెలుసు. స్వీడన్‌లో యోతే తురెసన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇసుక దిబ్బల మీద, సముద్రపు గట్ల మీద, అడవుల్లో వేర్వేరు రూపాల్లో కనిపించే ఒకే జాతి మొక్కను తెచ్చి, ఒకే తోటలో, ఒకే మట్టిలో పెంచాడు. చోటు మారినా ఆ తేడాలు చాలావరకు అలాగే నిలిచాయి. 1922లో ఆయన ఆ స్థానిక రూపాలకు ఎకోటైపు అని పేరు పెట్టాడు. తర్వాత కాలిఫోర్నియాలో క్లాసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు సముద్రమట్టానికి దగ్గరగా ఒకటి, 1,400 మీటర్ల ఎత్తున ఒకటి, 3,000 మీటర్ల పైన ఒకటి, మూడు తోటలు వేశారు. ఒకే మొక్కను ముక్కలు చేసి మూడు చోట్లా నాటారు. పల్లపు మొక్కలు కొండకొన చలికి నిలవలేకపోయాయి. కొండ మొక్కలు పల్లానికి వచ్చినా పొట్టిగానే ఉన్నాయి. 1940లో వచ్చిన ఆ ఫలితాలు చెప్పేదేమిటంటే, జాతి అనేది పుస్తకంలో అచ్చేసిన ఒక్క బొమ్మ కాదు. ప్రతి కొండా తన మొక్కను తన తీరున మలుచుకుంటుంది. కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం ప్రాంతాల్లో పరుచుకున్న ఎర్రచందనాన్ని ఈ కళ్ళతో చూడాలి.

దీనితో రైతుకూ పని ఉంది. ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. పొలాల్లో దాన్ని పెంచుతున్న రైతులు ఇరవై, ముప్ఫై ఏళ్ళ ఓపికను పెట్టుబడిగా పెడుతున్నారు. నారు కొనేటప్పుడు అది ఏ కొండ విత్తనమో, తల్లి చెట్టు ఎలాంటిదో చెప్పగలిగేవారు లేకపోతే ఆ ఓపిక అంతా అదృష్టం మీద ఆధారపడినట్టే. అడవిని తిరిగి నాటేవారిదీ అదే చిక్కు. ఒకే తల్లి చెట్టు గింజలతో వేల మొక్కలు పెంచి కొండంతా నాటితే పచ్చదనం పెరుగుతుంది, వైవిధ్యం తరుగుతుంది. పదేళ్ళకు ఒక తెగులు వస్తే అన్నీ ఒక్కసారే వంగిపోతాయి.

పేర్ల పలకలు పెట్టిన తోటలు ఇప్పటికే ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, వాటి మేలు వాటిదే. అయితే ఒక పలక కింద ఒక చెట్టు నిలబెడితే చూసేవాడికి దక్కేది ఒక పేరు మాత్రమే. సైకస్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఒక్కదాన్నే చూపితే సగం అబద్ధం చెప్పినట్టు. నాలుగు కొండల ఎర్రచందనం నాలుగు వరసల్లో నిలిచి, ఒక వరస ఏపుగా, ఒకటి గిడసగా, ఒకటి ఎండకు ముందే ఆకు రాల్చి కనిపిస్తే, అక్షరం రాని మనిషికి కూడా ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టించడమే తోట పని. పలక మీద మొదటి పేరు తెలుగులో ఉండాలి, ఈ అడవిని తరతరాలుగా ఎరిగిన యానాదుల నోట ఆ చెట్టుకున్న పేరు దాని పక్కనే ఉండాలి. శాస్త్రానికి ఇది కొత్తేమీ కాదు. సామర్లకోటలో ఉండి మన మొక్కలను వర్ణించిన రాక్స్‌బర్గ్ మన జనం పిలిచే పేర్లు కొన్నిటిని లాటిన్‌లోకి తీసుకున్నాడు. తంబ చెట్టు శాస్త్రనామంలోని తుంబుగ్గాయియాలో, సోమిద చెట్టుకు తర్వాతివారు పెట్టిన సోయ్మిడాలో ఇప్పటికీ మన మాటే వినిపిస్తుంది.

అరుదైన చెట్లను చూపితే దొంగలకు దారి చూపినట్టే అన్న భయం తీసిపారేయదగింది కాదు. అందుకే చూపాల్సింది తోటలో పెంచిన మొక్కను, అడవిలోని తల్లి చెట్టును కాదు. తల్లి చెట్లు ఎక్కడున్నాయో రాసిన పుస్తకం అటవీ శాఖ దగ్గరే ఉండాలి, పలక మీద కొండ పేరు దాటి ఒక్క ముక్క రాయకూడదు. శాస్త్రజ్ఞుల అభ్యంతరం ఇంకా లోతైనది. వేర్వేరు కొండల చెట్లు ఒకేచోట పూస్తే తేనెటీగలు పుప్పొడిని కలిపేస్తాయి, ఆ గింజ ఏ కొండదీ కాకుండా పోతుంది. నిజమే. కాబట్టి ఆ తోటలో కాసిన గింజను అడవిలో నాటడానికి వాడకూడదు. అడవికి కావలసిన గింజ ఆ కొండ మీదే సేకరించాలి. ఈ నియమం పాటించలేకపోతే తోట వేయకపోవడమే మేలు.

చేవ తేలడానికి దశాబ్దాలు పడుతుంది, అంతదాకా ఆగేదెవరు అంటారు. చేవ ఆలస్యమే, కానీ మొలక శాతం, ఎదుగుదల, ఆకుల లెక్క, ఎండకు తట్టుకునే తీరు మొదటి రెండేళ్ళలోనే కొలవవచ్చు. కొండ కొత్తిమీర లాంటి చిన్న మొక్కలు ఇంకా త్వరగా జవాబిస్తాయి. ఇక, భక్తులు వచ్చేది దేవుడి కోసం, చెట్ల కోసం కాదన్న మాట ఒకటి ఉంది. ఈ కొండ ఆదిశేషుడి దేహమని నమ్మి, దాన్ని పాదాలతో తొక్కడానికి మనసొప్పక రామానుజులు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే దారి అది. అక్కడ విరిసిన ప్రతి పువ్వూ స్వామిదేనని ఆడవాళ్ళు తలలో పూలు తురుముకోకుండా వెళ్ళే కొండ అది. ఆ పువ్వులు పూసే చెట్ల పేర్లు తెలుసుకోవడం ఆ భక్తికి దూరపు పనేమీ కాదు.

మొదటి మెట్టుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. కాయలు ఎండే కాలంలో అటవీ సిబ్బందీ, వృక్షశాస్త్ర విద్యార్థులూ, యానాది పెద్దలూ కలిసి, ఒక్కో కొండ మీద దూరదూరంగా ఉన్న ముప్ఫై తల్లి చెట్ల నుంచి గింజలు ఏరాలి. ఒక చెట్టుకు ఒక సంచి. సంచి మీద కొండ పేరు, తేదీ, చెట్టు అంకె. ఏ రెండు సంచుల గింజలనూ ఎప్పటికీ కలపకూడదు. అనుమతి అటవీ శాఖ ఇవ్వాలి, నేల దేవస్థానం చూపాలి, లెక్కలు విశ్వవిద్యాలయం రాయాలి. మొలిచిన మొదటి వరసకు కంచె వేసి, దాని బయట యాత్రికుడు నిలబడి చూడటానికి ఒక బాట వదిలితే చాలు, తోట మొదలైనట్టే.