యంత్రం అద్దెది, అమానతు మనది

2021 నవంబరులో తిరుపతిపై కురిసిన కుంభవృష్టిని ఈ ప్రాంత పాఠకులు మరచి ఉండరు. వీధులు కాలువలయ్యాయి. పల్లపు ప్రాంతాల ఇళ్లలోకి, దుకాణాలలోకి నీరు చేరింది. మా అక్కగారి కుమారుడు అక్కడ కిరాణా సరుకుల టోకు వ్యాపారం చేస్తున్నాడు. వాన వెలిసిన రెండవ రోజున మేము చిత్తూరు నుండి వెళ్లి చూసేసరికి, దుకాణం ముందు ఎండలో ఒక కంప్యూటర్ పెట్టె మూత విప్పి ఉంది. దాని పక్కనే అతడు మౌనంగా కూర్చుని ఉన్నాడు.

“మామూ! తడిసిన పప్పు బస్తాల గురించి నాకు బాధ లేదు. అవి మళ్లీ కొనుక్కోవచ్చు. నాకు ఎవరు ఎంత బాకీ ఉన్నారో, నేను ఎవరికి ఎంత ఇవ్వాలో అంతా ఈ పెట్టెలోనే ఉంది” అన్నాడు. మరొక కాపీ లేదా అని అడిగాము. ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఆ పెన్‌డ్రైవ్ అదే బల్ల సొరుగులో ఉంది. సొరుగు కూడా మునిగింది.

అతనిని అన్నిటికంటే ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటి. ఆ వీధిలోని ఒక వితంతు సోదరి తన కుమార్తె వివాహం కోసం నెలనెలా కొంత సొమ్ము అతని వద్ద దాచుకుంటూ వచ్చింది. ఆమెకు చదువు రాదు. లెక్క కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేదు. జరిగింది చెప్పగా ఆమె, “నువ్వు ఎంత అంటే అంతే బేటా” అన్నదట. అతని జ్ఞాపకంలో రెండు అంకెలు మెదిలాయి: 38 వేలు, 41 వేలు. పెద్ద అంకెనే ఆమెకు చెల్లించాడు. అల్లాహ్ అతని సంకల్పాన్ని స్వీకరించుగాక! అమానతును కాపాడటానికి మంచి మనసుతో పాటు మంచి ఏర్పాటు కూడా అవసరమని ఆనాడు మాకు బోధపడింది.

కొద్ది నెలల తరువాత అతడు మా వద్దకు రెండు ప్రశ్నలతో వచ్చాడు. “లెక్కలన్నీ క్లౌడ్‌లో పెట్టుకోమంటున్నారు, అసలు క్లౌడ్ అంటే ఏమిటి? నలుగురి లెక్కలను ముక్కూ మొహం తెలియని వారి యంత్రంలో ఉంచడం సబబేనా?” మేము ఫిఖ్‌హ్ బోధించే వారమే గాని కంప్యూటర్ విద్య ఎరిగిన వారము కాము. అందువల్ల హైదరాబాదు, బెంగళూరులలో ఆ రంగంలో పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థులను అడిగి తెలుసుకున్నాము. మాకు అర్థమైనంత వరకు పాఠకుల ముందుంచుతున్నాము.

క్లౌడ్‌ను గ్రహించాలంటే ముందుగా వర్చువలైజేషన్‌ను గ్రహించాలి. ఒక పెద్ద ఇంటిని ఊహించండి. యజమాని దానిని నాలుగు పోర్షన్లుగా చేసి అద్దెకు ఇచ్చాడు. పునాది ఒక్కటే, నీటి తొట్టి ఒక్కటే. కాని ప్రతి పోర్షన్‌కు వేరు తాళం, వేరు వంటగది, వేరు కరెంటు మీటరు. ఒకరింటి మాట మరొకరికి వినబడదు. అదే విధంగా ఒక శక్తిమంతమైన కంప్యూటర్‌ను అనేక ‘వర్చువల్ మెషీన్లు’గా విభజిస్తారు. ప్రతిదీ తనంతట తాను ఒక పూర్తి కంప్యూటర్‌లాగే పనిచేస్తుంది. ఒకదానిలో విండోస్, మరొకదానిలో లినక్స్ నడవవచ్చు. ఎవరికి ఎంత జ్ఞాపకశక్తి, ఎంత ప్రాసెసర్ సమయం అన్నది పంచి, ఒకరి భాగంలోకి మరొకరు రాకుండా చూసే ప్రోగ్రామును ‘హైపర్‌వైజర్’ అంటారు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ఐబీఎం సంస్థ 1960ల లోనే దీనిపై పనిచేసింది. 1972లో ‘వీఎం/370’ పేరుతో తన పెద్ద యంత్రాలకు దీనిని అందించింది. లక్షల ఖరీదు చేసే యంత్రం ఎక్కువ సమయం ఖాళీగా ఉండటం వృథా కనుక, ఒకే యంత్రాన్ని పలువురు వాడుకోవాలన్నదే దాని ఉద్దేశం. వృథాను అరికట్టే ఆలోచన ఎవరిదైనా మనకు అది నచ్చుతుంది.

ఇక క్లౌడ్ అనగానే ఆకాశం వైపు చూడనక్కరలేదు. అది నేల మీదనే, డేటా సెంటర్లనే పెద్ద భవనాలలో ఉంది. అక్కడ వేలాది యంత్రాలను ఇలా భాగాలు చేసి ఇంటర్నెట్ ద్వారా అద్దెకు ఇస్తారు. అమెజాన్ సంస్థ 2006లో ఈ అద్దె వ్యాపారాన్ని పెద్ద ఎత్తున ఆరంభించింది. 2022 నవంబరులో హైదరాబాదులో కూడా తన కేంద్రాలను ప్రారంభించింది. విశాఖపట్నంలో భారీ డేటా సెంటర్ నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది.

అద్దెకు ఎందుకు? వలీమా విందు కోసం మనం ఇరవై దేగ్‌లు కొనము. షామియానా దుకాణం నుండి తెచ్చి, పని కాగానే తిరిగి ఇచ్చివేస్తాము. చిత్తూరు జిల్లాలోని మామిడి గుజ్జు పరిశ్రమలకు జూన్, జులై నెలల్లో ఉండే పని డిసెంబరులో ఉండదు. తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే వేళ ఒక్కసారిగా వచ్చిపడే రద్దీ మరునాడు ఉండదు. ఇటువంటి హెచ్చుతగ్గులు ఉన్న చోట వాడిన మేరకు చెల్లించే క్లౌడ్ లాభదాయకం. ఏడాది పొడవునా ఒకే తీరుగా పని ఉండి, దానిని చూసుకునే మనిషి కూడా ఉన్న చోట సొంత యంత్రమే చవక కావచ్చు.

అద్దెలో మూడు అంచెలు ఉన్నాయి. మొదటిది ఖాళీ పోర్షన్ వంటిది: యంత్రం వారిది, అందులోని ప్రోగ్రాములన్నీ మనవి. రెండవది గిన్నెలు, పొయ్యి సిద్ధంగా ఉన్న వంటగది వంటిది: ప్రోగ్రాములు తయారుచేసే వారికి పనికివస్తుంది. మూడవది వండిన భోజనం వంటిది: సిద్ధంగా ఉన్న లెక్కల ప్రోగ్రామును నెలసరి చందా చెల్లించి వాడుకోవడమే. మన చిన్న దుకాణాలకు సాధారణంగా ఈ మూడవదే చాలు. ఇటువంటి ప్రోగ్రాములు అందించే జోహో సంస్థకు తిరుపతి సమీపంలోని రేణిగుంటలోనే ఒక కార్యాలయం ఉంది.

మదర్సాలో మేము బోధించే ‘ఇజారా’ పాఠానికి ఇదంతా ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. ఇజారాలో వస్తువు యజమానిదిగానే ఉంటుంది, దాని ప్రయోజనం మాత్రమే మనకు వస్తుంది. ఆ ప్రయోజనం ఏమిటో, దానికి ప్రతిఫలం ఎంతో ముందుగానే తేటతెల్లంగా ఉండాలి. అస్పష్టత వివాదానికి దారి తీస్తుంది. కనుక మా మేనల్లుడి మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది: క్లౌడ్ అంటే కిరాయి.

రెండవ ప్రశ్న బరువైనది. యంత్రాన్ని కిరాయికి తీసుకోవచ్చు, బాధ్యతను కిరాయికి ఇవ్వలేము. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ అగ్నికి ఆహుతి అయింది. వేరొక చోట కాపీ పెట్టుకోని పలువురు ఖాతాదారుల సమాచారం తిరిగి రాలేదు. తిరుపతిలో నీరు, అక్కడ నిప్పు. రెండు చోట్లా పాఠం ఒక్కటే. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇతరుల సమాచారాన్ని ఏ పనికి ఎలా వాడాలో నిర్ణయించే వారిని ‘డేటా ఫిడ్యూషియరీ’ అని పిలిచింది. ఫిడ్యూషియరీ అంటే అమానతుదారు. పనిని మరొకరికి అప్పగించినా జవాబుదారీ అతనిదేనని ఆ చట్టం చెబుతోంది.

అందుచేత క్లౌడ్‌కు మారదలచిన సోదరులు ఒప్పందానికి ముందు నాలుగు విషయాలు అడిగి, వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

మొదటిది ధర. వాడకాన్ని బట్టి బిల్లు అయితే ఆపకుండా వదిలేసిన యంత్రానికి కూడా అద్దె పడుతుంది. మన సమాచారాన్ని బయటికి తెచ్చుకోవడానికి రుసుము ఉందేమో అడగాలి.

రెండవది చోటు. సమాచారం ఏ ఊరిలో ఉంది, రెండవ కాపీ ఎక్కడ? కంపెనీలుగా నమోదైన సంస్థలు ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను భారతదేశంలోని సర్వర్‌లో ప్రతిరోజూ ఉంచాలని 2022 ఆగస్టులో కేంద్రం నిబంధన తెచ్చింది. చిన్న దుకాణదారునికి కూడా ఇది మంచి అలవాటే.

మూడవది తాళంచెవి. దుకాణంలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండరాదు. ఎవరికి వారికి వేరుగా ఉండాలి, పని మానిన వానిది ఆ రోజే రద్దు కావాలి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అడిగేలా పెట్టుకోవాలి.

నాల్గవది నిష్క్రమణ. రేపు మానుకోదలిస్తే లెక్కలన్నీ ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజుల గడువు ఇస్తారు?

వీటికి తోడు ఇంటర్నెట్ ఆగిన పూట బిల్లు వ్రాయడానికి ఒక పుస్తకం గల్లాపెట్టె పక్కన ఉండనే ఉండాలి.

మా మేనల్లుడు ఇప్పుడు క్లౌడ్‌లోనే లెక్కలు నడుపుతున్నాడు. నెలకొకసారి కాపీ తీసి, ఒక హార్డ్ డిస్క్‌లో చిత్తూరులోని మా అక్కగారి ఇంటి బీరువాలో ఉంచుతాడు. ఉంచే ముందు దానిని తెరిచి రెండు మూడు ఖాతాలు సరిచూస్తాడు, ఎందుకంటే తెరిచి చూడని కాపీని నమ్మలేము. ఆ వితంతు సోదరి తిరిగి అతని వద్దనే సొమ్ము దాచుకుంటోంది. ప్రతి నెలా ఆమె లెక్కను ఒక చీటీపై ముద్రించి ఆమె చేతికి ఇస్తున్నాడు. కుమార్తె దానిని తల్లికి చదివి వినిపిస్తుంది.