కోటగోడలు – అడవి కంచెలు

ములకలపల్లి నుండి పాల్వంచ దారిపట్టిన యాత్రికునకు కిన్నెరసాని వనము కానవచ్చును. 1977లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. అటనుండి ములుగు సీమకు సాగినచో ఘనపురమున కాకతీయుల నాటి కోటగుళ్ళు కలవు. కోటగోడల నడుమ నిలుచుటచే వానికి ఆ పేరు కలిగినది. గుడికి గోడ, అడవికి కంచె: రక్షణ ఇంతటితో తీరునా?

రుమేనియా దేశపు ట్రాన్సిల్వేనియా సీమలో సాక్సనులు తమ చర్చిలనే కోటలుగా కట్టుకొనిరి. తురుష్కుల దాడులయందు గ్రామమెల్ల ధాన్యముతో సహా ఆ గోడల లోపల తలదాచుకొనెడిది. 1990 ప్రాంతమున వారిలో అధికులు జర్మనీకి తరలిపోయిరి. గోడలు మిగిలినవి, ప్రార్థించువారు కరవైరి. రాతిగోడ శత్రువును ఆపగలదు గాని గుడిని బ్రతికించునది చుట్టునున్న జనమే.

అడవికిని ఇదే న్యాయము. తరతరములుగా ఇప్పపూవు ఏరుకొని బ్రతికిన కోయలను వెలివేసి అడవిని కాపాడుట కల్ల. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఈ సత్యమును అంగీకరించినది. ఆచరణ మాత్రము అక్షరమునకు దూరముగనే యున్నది.

కావున యాత్రకు పోవువారు శిల్పమును, మృగమును చూచుటతో తృప్తినొందక, అచటి మనుష్యుని కూడ పలుకరించి రావలెను. అసలు కోట అతడే.