రెండు పడవల ప్రయాణం ఎన్నాళ్లు?



నీట్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ సీటు రాని మన అన్నయ్యలు, అక్కలు డిగ్రీలో చేరిపోతున్నారు. చేరినా మనసు మాత్రం మెడిసిన్ మీదే ఉంటుంది. "మళ్లీ ఎప్పుడు రాస్తావు?" అని దసరాకి అడిగితే "చూడాలి" అంటారు. సంక్రాంతికి అడిగినా "చూడాలి" అనే అంటారు. ఈలోగా దరఖాస్తు గడువు దాటిపోతుంది. లేదా చివరి రోజున ఎవరో గుర్తు చేస్తే డబ్బు కట్టేసి, పుస్తకం ముట్టకుండానే వెళ్లి రాసి వచ్చేస్తారు. మన పిల్లల్ని పాడు చేస్తున్నది సీటు రాకపోవడం కాదు, ఈ "చూడాలి" అన్న మాటే అని నా అభిప్రాయం.

కాబట్టి నేను అనుకుంటున్నది ముందే చెప్పేస్తాను. డిగ్రీలో చేరినవాళ్లు మొదటి సంవత్సరంలోనే ఒక్కసారి గట్టిగా చదివి నీట్ రాయాలి. అప్పటికీ రాకపోతే డిగ్రీ పూర్తయ్యేదాకా దాని ఊసెత్తకూడదు. డిగ్రీ చేతికొచ్చాక కూడా కోరిక మిగిలి ఉంటే అప్పుడు మళ్లీ రాయాలి. మధ్యలో రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు.

మొదటి సంవత్సరమే ఎందుకు? నీట్‌లో అడిగేది ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ. ఇంటర్ అయిన ఏడాదిలో అవి ఇంకా బుర్రలో ఉంటాయి. డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి దాని దారి దానిది, నీట్ దారి నీట్‌ది. పైగా రెండు పరీక్షలూ ఎండల్లోనే వచ్చి పడతాయి. నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉంటాయి. ఒకదానికి కూర్చుంటే ఇంకోటి పోతుంది.

మా గూడలో ఒక అన్నయ్య డిగ్రీలో ఉండగా వరసగా మూడేళ్లు రాశాడు. సీటు రాలేదు. డిగ్రీలో అయిదు పేపర్లు మిగిలిపోయాయి. ఇప్పుడు ఎవరైనా "ఏటి చదివినావు బావా?" అని అడిగితే ఇంటర్ అనే చెప్పుకోవాలి. తెలివి లేక కాదు. ఒక్క కుండ నీళ్లు రెండు మళ్లకి పోస్తే ఏ మడి తడుస్తుంది?

"రాస్తే ఏటి పోద్ది? వెయ్యి రూపాయలే గదా!" అని కొందరంటారు. నిజమే, 2025లో ఎస్సీ, ఎస్టీలకి నీట్ ఫీజు వెయ్యి రూపాయలే. ఎన్నిసార్లు రాయాలన్న లెక్క కూడా లేదు. కాని పోయేది ఆ వెయ్యి కాదు. నీట్ మార్కులు ఆ ఒక్క ఏడాది ప్రవేశాలకే పనికొస్తాయి. మళ్లీ రాయడమంటే మళ్లీ మొదటి నుంచి చదవడమే. మనసు సగం అక్కడా సగం ఇక్కడా ఉంటే పోయేది సంవత్సరం. అప్పు చేసి చార్జీలు ఇచ్చిన అయ్యకీ, జీడితోటలో కూలికెళ్లే అమ్మకీ ఆ సంవత్సరం ఖరీదు మనకంటే బాగా తెలుసు.

మళ్లీ రాయాలా వద్దా అన్నది ఆశతో కాదు, లెక్కతో తేల్చుకోవాలి. 2025లో నీట్ 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 మార్కు కోత. ఆ ఏడాది ఎస్టీలకి అర్హత మార్కులు 113. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. అర్హత వచ్చిందంటే కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చు అని మాత్రమే అర్థం, సీటు వచ్చిందని కాదు. మన రాష్ట్ర కోటాలో ఎస్టీలకి 6 శాతం, ఆలిండియా కోటాలో 7.5 శాతం సీట్లు ఉన్నాయి. మన కేటగిరీలో చివరి సీటు ఎన్ని మార్కులకి దొరికిందో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టే సీట్ల జాబితాలు చూస్తే తెలుస్తుంది. ఆ మార్కులోంచి మన మార్కు తీసేయాలి. వంద తేడా ఉందనుకోండి. తప్పు పెట్టిన 20 ప్రశ్నలు ఒప్పు చేసుకుంటే, ఒక్కోదానికి అయిదు చొప్పున, ఆ వంద వచ్చేస్తుంది. వదిలేసిన ప్రశ్నలైతే 25 కావాలి. డిగ్రీ చదువుతూ ఏడాదిలో అంత చేయగలం. తేడా రెండు వందలు, మూడు వందలు ఉంటే మాత్రం డిగ్రీ పక్కన పెట్టుకుని చేసే పని కాదది. ఉచిత కోచింగ్ దొరికితే లాంగ్ టర్మ్‌కి వెళ్లాలి, లేదా డిగ్రీ ముగించాలి.

"డిగ్రీ అయ్యాక ముసలాడివైపోతావు" అని భయపెట్టేవాళ్లున్నారు. ఒకప్పుడు వయసు గొడవ ఉన్న మాట నిజం. మెడికల్ ప్రవేశానికి 25 ఏళ్లు, మన రిజర్వేషన్ వాళ్లకి 30 ఏళ్లు అని పరిమితి పెట్టారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని తీసేసింది. 18 ఏళ్లకి డిగ్రీలో చేరినవాడు 21కి పూర్తి చేసి, 22కి సీటు తెచ్చుకుంటే, హౌస్ సర్జన్‌తో కలిపి అయిదున్నర ఏళ్ల ఎంబీబీఎస్ అయ్యేసరికి 28 దాటవు. అదేమంత ముసలితనమా?

దూరం వెళ్లనక్కర్లేదు, పక్కనున్న ఒడిశానే చూడండి. బర్గఢ్ జిల్లాకి చెందిన ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి 2020లో 64 ఏళ్ల వయసులో నీట్ పాసై బుర్లా మెడికల్ కాలేజీలో చేరాడు. కుర్రతనంలో సీటు రాకపోతే బీఎస్సీ చేసి, ఉద్యోగం చేసుకున్నవాడే ఆయన. 2025లో ఖుర్దా జిల్లా గిరిజన కుర్రాడు ఒకడు నీట్ ఫలితం తెలిసేసరికి బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. వెళ్లి బరంపురం ఎంకేసీజీ కాలేజీలో చేరాడు. మన మందస రోడ్డులో రైలెక్కితే వెళ్లే బరంపురమే! వాళ్లని చూసి 64 దాకా ఆగమని నేను అనను. తలుపు ఇంత గట్టిగా తెరిచి ఉన్నప్పుడు తోసుకుని, కంగారుపడి, ఉన్న డిగ్రీ పాడు చేసుకోవద్దు అంటున్నాను.

ఇంకొక మాట. డిగ్రీని రైల్వే స్టేషన్లో బెంచీలాగా వాడుకోకూడదు. బండి రాకపోతే ఆ బెంచీ మీదే బతకాలి కదా! అందుకే ఏదో ఒక డిగ్రీ కాకుండా, మెడిసిన్ రాకపోయినా కూడు పెట్టే చదువు ఎంచుకోవాలి. నర్సింగు ఉంది, ఫార్మసీ ఉంది, ల్యాబ్ పని నేర్పే కోర్సులున్నాయి, వ్యవసాయ డిగ్రీకి మన జిల్లాలోనే నైర కాలేజీ ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు గుల్ల చేసిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అలాంటి చోట డాక్టరు ఒక్కడితో పని జరగదు. డయాలిసిస్ యంత్రం దగ్గర నిలబడే మనిషి కావాలి, రక్తం పరీక్షించే మనిషి కావాలి. కొండ మీంచి డోలీలో దిగిన ముసలమ్మకి సవర భాషలో ధైర్యం చెప్పే నర్సు కావాలి. ఆ పని చేసేవాళ్లని "సీటు రానోళ్లు" అనడం మానేద్దాం.

అలాగని మెడిసిన్ వదిలేయమని కాదు. మన భాష తెలిసిన డాక్టర్లు మనకి కావాలి. మనలో ఎవరూ వెళ్లకపోతే ఆ 6 శాతం రాసుకుని ఏం లాభం? ఆ సీటు కోసం ఎప్పుడు పోరాడాలో తేదీ పెట్టుకుని పోరాడమంటున్నాను, అంతే.

వార్డెన్ గారికి, ఉపాధ్యాయులకి మూడు విన్నపాలు. ఒకటి, డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న మన పూర్వ విద్యార్థులని ఆదివారాలు మా మోడల్ పరీక్షలకి కూర్చోనివ్వండి. రెండు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం నకళ్లు ప్రతి ఒక్కరికీ ముందే కట్ట కట్టి ఇప్పించండి. కౌన్సెలింగ్ రోజున ఒక్క కాగితం కోసం ఊళ్లు తిరగడం ఉండదు. డిగ్రీ కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి కూడా మా వాళ్లకి చెప్పి పంపండి. మూడు, మధ్యలో కోర్సు మారితే స్కాలర్‌షిప్ ఏమవుతుందో సంక్షేమ కార్యాలయంలో కనుక్కుని నోటీసు బోర్డులో పెట్టించండి. ఈ ఒక్క భయంతోనే ఆగిపోతున్నవాళ్లు ఉన్నారు.

మిత్రులారా! ఇంటికెళ్లినప్పుడు డిగ్రీ చదివే అన్నయ్య ఎవరైనా కనిపిస్తే "మళ్లీ రాస్తావా?" అని అడగొద్దు. "ఏ సంవత్సరం రాస్తావు, ఎన్ని మార్కులు తక్కువైనాయి?" అని అడగండి. జవాబు చెప్తే మన పుస్తకాలు ఇచ్చి సాయం చేద్దాం. "చూడాలి" అంటే మాత్రం ఈ గోడ దగ్గరికి తీసుకొచ్చి ఇది చదివించండి. నా మాట తప్పనిపించిన వాళ్లు పక్కన ఉన్న ఖాళీ కాగితం మీద రాయండి. వచ్చే సంచికలో జవాబు ఇస్తాను.

— ఇంటర్ ద్వితీయ సంవత్సరం, బై.పి.సి. విద్యార్థి