ప్రయోగశాల గదిని ఊడ్చింది మేమే

ప్రతి వార్షికోత్సవానికి మేము జ్ఞాపకాలే రాస్తూ వచ్చాం. నీళ్ళ సాంబారు, కరెంటు లేని రాత్రులు, పండక్కి ఇంటికి పోవడానికి బస్టాండులో పడిగాపులు, ఇలాంటివి. ఈసారి ఒక అభిప్రాయం రాయాలనుకున్నాం. కొందరికి కోపం రావచ్చు, ఫరవాలేదు.

మేము అంటే వేర్వేరు సంవత్సరాల్లో ట్రంకు పెట్టెతో ఆరో తరగతికి ఈ హాస్టల్లో దిగి, పదో తరగతి అయ్యాక అదే పెట్టెతో వెళ్ళిపోయిన కొద్దిమందిమి. మాలో ఇద్దరు ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో టీచర్లు. ఒకతను కరెంటు పని చేస్తాడు. ఇంకొకరు బ్యాంకులో ఉన్నారు. నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే అందరికీ ఒకే సంగతి గుర్తుకొచ్చింది.

మేము చదివిన బడిలో సైన్సు గది ఉండేది. దానికి తాళం ఉండేది. ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిస్తే ఆ తాళం తీసేవారు. "హాస్టల్ పిల్లల్ని పిలవండ్రా" అని కబురు వచ్చేది. మేము వెళ్ళి బూజు దులిపి, ఊడ్చి, బల్లలు తుడిచేవాళ్ళం. పరీక్షనాళికలు గడ్డిలో చుట్టి వచ్చినవి వచ్చినట్టే ఉండేవి. ఒకసారి మాలో ఒకడు గాజు పట్టకాన్ని తుడుస్తుంటే కిటికీలోంచి ఎండ పడి గోడ మీద రంగులు వచ్చాయి. అందరం చీపుర్లు వదిలేసి గోడ దగ్గరకు పోయాం. "పెట్టెయ్ అక్కడ, పగిలితే డబ్బులు మీ అయ్య కడతాడా?" అని ఒక కేక వినపడింది. ఆ ఏడాది కాంతి పాఠాన్ని మేము నోట్సు రాసుకుని బట్టీ పట్టాం. ఏడు రంగుల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలం. గోడ మీద వాటిని చూసింది మాత్రం ఆ ఒక్కసారే, అదీ ఊడ్చడానికి పోయినప్పుడు.

మేము అనేది ఇంతే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లవాడు తన చేత్తో చేసి నేర్చుకోవాలి. ఇది ఎవరో దయతో ఇచ్చే అదనపు సౌకర్యం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే చదువు కృత్యాల ద్వారా, పిల్లలు స్వయంగా వెతికి కనుక్కోవడం ద్వారా జరగాలని రాసి ఉంది. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకా వర్తిస్తుంది. చిన్న తరగతుల్లో ఆటలు, పాటలు, గోడకు కట్టిన దారం మీద పిల్లల బొమ్మలు కాస్తయినా కనపడతాయి. ఆరో తరగతిలో అడుగుపెట్టగానే "ఇక పెద్దవాళ్ళయ్యారు" అని చేతులు కట్టుకుని కూర్చోమంటారు. నిజానికి చేతికి పని అడిగే వయసు అదే.

"మా బడిలో ప్రాజెక్టులు చేయిస్తున్నాం కదా" అంటారు. 2012 తరువాత వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాల్లో కృత్యాలు, ప్రాజెక్టు పనులు బాగానే పెట్టారు. పుస్తకాన్ని మేము తప్పు పట్టడం లేదు. అది తరగతిదాకా వచ్చేసరికి ఏమైందో చూడండి. "రేపటికి చార్టు తయారుచేసి తీసుకురండి" అని మారింది. చార్టు, స్కెచ్ పెన్నులు, థర్మాకోల్ షీటు, ఫ్యాన్సీ షాపులో అమ్మే బొమ్మలు, అన్నీ కొనాల్సినవే. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఉన్నవాడికి వాళ్ళే చేసిపెడతారు. హాస్టల్ తమ్ముడు ఏం చేస్తాడు? స్టడీ అవర్‌లో పక్కవాడి చార్టు చూసి వెనకవైపు ఖాళీగా ఉన్న క్యాలెండర్ కాగితం మీద గీసుకుపోతాడు. మార్కులు తగ్గుతాయి. డబ్బుతో కొనుక్కునేదాన్ని చేతిపని అనడం మాకు మింగుడుపడదు. మా దృష్టిలో ప్రాజెక్టును ఇంటికి పంపకూడదు. తరగతి గదిలోనే, అందరికీ ఒకే సామానుతో, టీచరు కళ్ళ ముందే జరగాలి.

సామాను లేదంటారా? ఈ హాస్టల్లో ఉన్న సామానే చాలు. మాలో టీచరుగా ఉన్నతను కిందటేడాది ఒక ఆదివారం ఇక్కడికి వచ్చి ఏడో తరగతి పిల్లలతో చేయించింది చెబుతాం. అన్నం పళ్ళెం, మంచినీళ్ళ గ్లాసు, బకెట్టు మూత, పప్పు గంగాళం బయటపెట్టారు. పురికొస అంచు చుట్టూ తిప్పి కొలిచారు. తరువాత అడ్డంగా మధ్యలో కొలిచారు. మొదటి దాన్ని రెండోదానితో భాగించమన్నారు. 28 సెంటీమీటర్ల పళ్ళేనికి చుట్టుకొలత 88 వచ్చింది. 7 సెంటీమీటర్ల గ్లాసుకు 22 వచ్చింది. గంగాళం ఎంత పెద్దదైనా లెక్క మళ్ళీ మూడు పైచిలుకే! ఒకడికి 3.1, ఒకడికి 3.2, ఇంకొకడికి 3.4 వచ్చాయి. 3.4 వచ్చినవాడిని అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు, వాణ్ణి మళ్ళీ కొలవమన్నారు. పురికొస వదులుగా పట్టుకున్నాడని వాడే కనుక్కున్నాడు. మేము "పై విలువ 22/7" అని నల్లబల్ల మీద నుంచి దించుకున్నాం. అది ఎక్కడినుంచి వచ్చిందని అడగాలని కూడా మాకు తోచలేదు. ఆ పిల్లలు రోజూ అన్నం తినే పళ్ళెంలోంచి దాన్ని తీశారు.

ఇంకో సంగతి. తెల్ల చొక్కా మీద సాంబారు ఒలికి, కుళాయి దగ్గర సబ్బు రుద్దగానే మరక ఎర్రబడటం మనలో చూడనివారు ఎవరు? భయపడి ఇంకా రుద్దేవాళ్ళం. నీళ్ళతో బాగా జాడిస్తే మళ్ళీ పసుపు. సాంబారులో పసుపు ఉంది, సబ్బు క్షారం, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పేరంటానికి పసుపులో సున్నం కలిపి పారాణి చేసేదీ ఇదే. పుస్తకంలో "సూచికలు" అనే పాఠం ఇదేనని మాకు ఎవరూ చెప్పలేదు. లిట్మస్ కాగితం లేదని ఆ పాఠాన్ని దాటేశారు. బడి వంటగదిలో పసుపు ఉంది, పెరట్లో మందార పువ్వు ఉంది.

ఇవేవీ మేము కనిపెట్టినవి కావు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పుడు నర్మదాపురం) 16 బడుల్లో ఇలాంటి సైన్సు చదువు మొదలైంది. సరిగ్గా ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. పల్లెటూరి బడుల్లో పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగాలు చేసి, ఏం చూశారో తామే రాసుకునేవారు. పరీక్షకు పుస్తకం తీసుకుపోనిచ్చేవారు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. 1978లో జిల్లా అంతటికీ పాకింది. అరవింద్ గుప్తా అనే ఇంజనీరు అక్కడికి వెళ్ళి అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు కట్టడం మొదలుపెట్టారు. మీరూ చేసి చూడండి. నాలుగు పుల్లలతో కట్టిన చతురస్రాన్ని నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. ఆ తరువాత భోజనాల షెడ్డులో తలెత్తి రేకుల కింద ఇనుప కమ్మీలను చూడండి, అన్నీ త్రిభుజాలే. ముప్పై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వమే ఆపేసింది. మంచిదైనంత మాత్రాన నిలబడుతుందని మేము అనుకోవడం లేదు. అడిగేవాళ్ళు ఉండాలి.

ఇక్కడ ఒక అనుమానానికి జవాబు చెప్పాలి. మా పెద్దల్లో ఒకరు ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి, "చేతిపని మనవాళ్ళు తరతరాలుగా చేశారు, మళ్ళీ బడిలోనూ చేతిపనేనా?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామాల్లో ప్రాథమిక బడిని రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి దగ్గర తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని పథకం పెట్టింది. చెప్పులు కుట్టేవారి కొడుకు చెప్పులే కుట్టాలన్నమాట. జనం దాన్ని కులవిద్య అని తిప్పికొట్టారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక రద్దయింది. మేము అడిగేది దానికి పూర్తిగా వ్యతిరేకమైనది. ఊడ్చే పనికి మమ్మల్ని పిలిచి, ప్రయోగానికి మరొకరిని పిలిచే పద్ధతి పోవాలంటున్నాం. గది ఊడ్చే పని ఉంటే అందరూ వంతులవారీగా ఊడ్వాలి. పట్టకం కూడా అందరి చేతుల్లోకీ వంతులవారీగా రావాలి.

సిలబస్ పూర్తికాదని టీచర్లు అంటారు. మాలో ఉన్న ఇద్దరు టీచర్లూ అదే అన్నారు, అబద్ధం చెప్పడం ఎందుకు. అరవైమంది ఉన్న తరగతిలో ప్రతి పాఠానికీ ప్రయోగం కుదరదు. వారానికి ఒక్క పీరియడు చాలునని వాళ్ళ లెక్క. పగిలిన గాజుకు పిల్లలచేత డబ్బు కట్టించబోమని హెడ్మాస్టరు ముందే చెబితే తాళం సగం ఊడినట్టే.

బడి సంగతి బడిలో అడుగుదాం. ఈ లోపు హాస్టల్లో మన చేతిలో ఉన్నది చేద్దాం. పూర్వ విద్యార్థి మిత్రులారా, ఏటా వార్షికోత్సవానికి మీరు షీల్డులు, మెమెంటోలు తెస్తున్నారు. ఈసారి వాటికి బదులు రెండు టేపులు, నాలుగు అయస్కాంతాలు, ఒక భూతద్దం, సైకిలు షాపు నుంచి పది మీటర్ల వాల్వు ట్యూబు తెండి. ఒక ట్రంకు పెట్టెలో పెడదాం, ఖాళీ పెట్టె మేమిస్తాం. గాజు పట్టకం ఒకటి ఇప్పటికే కొన్నాం. తమ్ముళ్ళూ, ఆ పెట్టెకు తాళం ఉండదు. మొదటి ఆదివారం టిఫిను అయ్యాక తూర్పువైపు వరండాలోకి రండి, తొమ్మిదింటిదాకా ఎండ గోడ మీద నేరుగా పడుతుంది.